ఈదే బూజు

ముప్పయి నాలుగేళ్ళు కుళ్ళిపోయిన వాటితో కాపురం చేశాను. కుళ్ళిన మిరపకాయ, నల్లబడిన పత్తికాయ, బూజు పట్టిన వేరుశనగ, మెడ విరిగిన నారు. పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద ఇవే ఉండేవి. సాయంత్రం ఇంటికొస్తే మా అమ్మ గుమ్మంలోనే ఆపేసేది. "ముందు చేతులు కడుక్కోవే, తర్వాత కబుర్లు" అనేది. గుంటూరు చుట్టుపక్కల పొలాలకు వచ్చే తెగుళ్ళు చూసి, అది ఏ బూజు వల్ల వచ్చిందో తేల్చి, రైతుకు మందు చెప్పడం నా ఉద్యోగం. బూజును చదువుకున్నవాళ్ళు శిలీంధ్రం అంటారు. నేను బూజనే అంటాను, నాకు చనువు ఎక్కువ.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఏ పరీక్ష రాస్తే పైకి వెళ్తాం, ఏ సెక్షన్లో ఉంటే సుఖం అని అడుగుతారు. నాకు తెలియదు తల్లుల్లారా. నేను సుఖపడిందీ లేదు, పైకి ఎక్కిందీ పెద్దగా లేదు. నాకు తెలిసినవి రెండే. బూజు ఎంత అద్భుతమైన జీవమో తెలుసు. దాన్ని చూడకుండా నోరు పారేసుకుంటే ఎవరి కొంప మునుగుతుందో తెలుసు. ఆ రెండోది నేర్చుకోవడానికి ఏడుగురు ఆడవాళ్ళ మిరప నారు ఖర్చయింది. అది చెప్పడానికే కూర్చున్నాను.

రొట్టెముక్క

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మా పెద్దాయన నరసింహం గారు నాకు ఫైలు ఇవ్వలేదు, కుర్చీ చూపించలేదు. ఒక గాజు గిన్నెలో తడిపిన రొట్టెముక్క పెట్టి మూతేసి చేతికిచ్చారు.

"వారం రోజులు ఇదే నీ పని. రోజూ చూడు, చూసింది బొమ్మ వెయ్యి" అన్నారు.

"బొమ్మలు రావండి నాకు."

"వస్తాయిలే. చూడ్డం వస్తే బొమ్మ అదే వస్తుంది."

ఆయన మంచి మనిషి అని చెప్పలేను. మెచ్చుకోవడం ఎరగరు. మా చెల్లెలి కానుపుకి సెలవడిగితే "కాన్పు నీదా?" అన్న మనిషి. 'సాధారణంగా' అనే మాట ఎవరైనా వాడితే మొహం చిట్లించేవారు. కానీ నాకు కళ్ళు ఇచ్చింది ఆయనే. అది ఒప్పుకోకపోతే నా అంత విశ్వాసం లేనిది ఉండదు.

మొదటి రోజు రొట్టె మీద ఏమీ లేదు. రెండో రోజు పల్చటి తెల్లటి నూగు వచ్చింది. మూడో రోజు ఆ నూగు మీద నల్లటి చుక్కలు, గుండుసూది మొన అంత. ఒక చుక్కను తీసి మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించాను. అమ్మబాబోయ్! సన్నటి కాడ, కాడ మీద ఉండ, ఆ ఉండ పగిలి వందలకొద్దీ గింజలు చల్లుతోంది. ఒక్క గింజకు గాలి దొరికితే చాలు, ఇంకో రొట్టె మీద మళ్ళీ ఇదంతా కట్టుకుంటుంది. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను. అద్దం మీద నా కన్నీటి తడి అంటుకుని మసకేసింది. ఎందుకు ఏడ్చానో అప్పుడు తెలియలేదు. మా అమ్మ ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసి, తాలు ఏరి, చేతులు మండిపోతుంటే మజ్జిగలో ముంచుకుని నన్ను చదివించింది ఇలాంటిది చూడటానికా అనిపించింది.

ఆయన వెనక నిలబడి చెప్పారు. "ఇది మొక్క కాదమ్మా. బళ్ళో మొక్క అని చెప్పుంటారు, మర్చిపో. మొక్క ఎండ తిని బతుకుతుంది. మనం తిని అరిగించుకుంటాం. ఇది అరిగించుకుని తింటుంది. పొట్టలో రసం బయటికి పోసి, రొట్టెను కరిగించి, కరిగింది పీల్చుకుంటుంది. దీని ఒంటిగోడ దేంతో కట్టిందో తెలుసా? రొయ్య పెంకులో ఉండే సరుకుతో. నీ పెరట్లో మామిడిచెట్టు కన్నా ఇది నీకు దగ్గర చుట్టం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ముందు చుట్టరికం తేల్చు. తర్వాత మందు రాయి" అన్నారు. ఆ మాట తర్వాత ఏడేళ్ళలో వెయ్యిసార్లు విన్నాను. వినీ వినీ చెవికి ఎక్కడం మానేసింది.

ఇంకొకటి కూడా అంటుండేవారు. నీళ్ళలో ఈదే బూజులు కొన్ని ఉన్నాయి. మా పాత పుస్తకాలు వాటిని బూజుల్లోనే చేర్చాయి. కానీ కొత్తగా చూసినవాళ్ళు అవి అసలు ఈ కులమే కాదని తేల్చారు. వాటి ఒంటిగోడ వేరు, పుట్టుక వేరు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చే గోధుమరంగు నాచు వాటికి చుట్టం. బూజు వేషం వేసుకుని మన మధ్య తిరుగుతున్నాయంతే. ఆయన పత్రికలు చదివి ఈ సంగతి చెబుతుంటే కళ్ళు మెరిసేవి. ఒకరోజు టీ దగ్గర నేను అనేశాను. "పేర్లు మార్చుకుంటూ కూర్చుంటే రైతుకి ఒరిగేదేముందండీ? నారు చస్తే చచ్చినట్టే గదా."

ఆయన టీ తాగేసి "సరే" అన్నారు. అంతే.

శనివారం చీటీ

ఉద్యోగంలో నాకు ఏడో ఏడు. ఆగస్టు నెల, శనివారం మధ్యాహ్నం. అద్దంకిలో మా పెద్దమ్మ మనవరాలికి ప్రధానం. మాలో పెళ్ళికి ముందు పిల్లను ఖాయం చేసుకునే వేడుక అది. మూడింటి బస్సు అందుకోవాలి. సంచీ భుజాన వేసుకున్నాను, చీర కూడా ఆఫీసులోనే మార్చుకున్నాను. అప్పుడు వచ్చింది మరియమ్మ.

చిలకలూరిపేట అవతల ఒక పల్లె ఆమెది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. తడిగుడ్డలో చుట్టిన పిడికెడు మిరప నారు బల్ల మీద విప్పింది. పద్దెనిమిది రోజుల నారు. నేల దగ్గర మెడ మెత్తబడి ఒరిగిపోయింది.

"ఏడుగురం కలిసి నాలుగెకరాలు కౌలుకి పట్టామండి" అంది. "ఇన్నాళ్ళూ ఒకరి చేలో కాయలు కోసినోళ్ళమే అందరం. ఈ ఏడు మన చేలో మనం కోసుకుందామని కూలి మానేశాం. నారు పెంచే పని నాకు అప్పజెప్పారు. ఎనిమిది మళ్ళు పోశా. నిన్న ఒక మూల జానెడు మేర పడిపోయింది. ఇయ్యాల రెండు జానలయ్యింది. ఇది పోతే ఈ ఏడు మాకు చేను లేదండి."

నారుకుళ్ళు. ఆ వారంలో అప్పటికే మూడు ఊళ్ళ నుంచి వచ్చింది. మూడూ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను, మూడూ ఒకే బూజు. నాలుగోది కూడా అదే అనుకున్నాను. సంచీ భుజాన అలాగే ఉంది. మైక్రోస్కోపుకి గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ తియ్యడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

తియ్యలేదు. అప్పట్లో అందరం రాసే తెల్లపొడి మందు పేరు చీటీ మీద రాసి, "నీళ్ళలో కలిపి క్యానుతో పొయ్యి. నేల బాగా తడవాలి. రోజు విడిచి రోజు. సాధారణంగా రెండు తడులకి ఆగిపోద్ది" అన్నాను.

అవును, 'సాధారణంగా' అన్నాను.

ఆమె చీటీని మడిచి కొంగున ముడేసుకుంది. "దేవుడిలా దొరికావమ్మా" అంది. నేను పరిగెత్తి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను కూడా.

రెండు క్యాన్లు ఎక్కువే

బుధవారం పొద్దున మరియమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గుడ్డలో కాదు, గంప నిండా తెచ్చింది. ఎనిమిది మళ్ళలో నాలుగు నేలకు కరుచుకుపోయాయి, ఐదోది సగం పోయింది.

ఇప్పుడు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. మీరు కూడా ఏదో ఒకరోజు చేస్తారు. ఆమెను తిట్టాను.

"నువ్వు సరిగ్గా పోసి ఉండవు. మందు మిగుల్చుకోవాలని పల్చగా కలిపుంటావు. చెప్పింది చెప్పినట్టు చెయ్యరు, మళ్ళీ వచ్చి మా ప్రాణం తీస్తారు."

ఆమె మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "లెక్కపెట్టి పోశానండి. ఆదివారం గుళ్ళో ఆరాధన అయిపోంగానే వచ్చి పోశా. మళ్ళీ మంగళవారం పోశా. నీళ్ళు తక్కువవుతయ్యేమోనని మడికి రెండు క్యాన్లు ఎక్కువే పోశా."

నరసింహం గారు పక్కగదిలోంచి వచ్చారు. ఎప్పటి నుంచి వింటున్నారో తెలియదు. గంపలోంచి ఒక మొక్క తీసి మెడ దగ్గర గోటితో నొక్కారు. నీళ్ళు చెమర్చాయి. నా వంక చూశారు.

"శనివారం నాడు దీన్ని చూశావా?"

"చూశానండి."

"దేంతో?"

గుడ్డ కప్పిన మైక్రోస్కోపు మా ఇద్దరి మధ్యనే ఉంది. ఆయన తిట్టలేదు. తిట్టుంటే బావుండేది. నాలుగు మొక్కల మెడముక్కలు కోసి, శుభ్రమైన నీళ్ళున్న గాజు గిన్నెలో వేసి మూతపెట్టారు. "రేపు పొద్దున చూద్దాం. మరియమ్మ గారూ, మీరు కూడా ఉండండి. మీ నారు కదా, మీరే చూడాలి" అన్నారు.

మా అమ్మ అడిగింది

ఊరికి పోయి పొద్దున్నే రావాలంటే ఆమెకు బస్సు కుదరదు. నల్లపాడులో మా ఇంటికి తీసుకెళ్ళాను. ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మరియమ్మ చేతులు చూసింది. మిరపచేలో పని చేసిన చేతుల్ని మా అమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏ ఊరమ్మా మీది? ఎవరి పిల్లవి?"

మరియమ్మ చెప్పింది. అమ్మ ఇంకో పేరడిగింది. ఆమె ఇంకో ఊరు చెప్పింది. అన్నం ఉడికేలోపల ఇద్దరూ కలిసి చుట్టరికం తేల్చేశారు. మరియమ్మ మేనత్తను ఇచ్చింది మా నాన్న చిన్నాన్న గారి ఇంట్లోనేనట.

"నీకు వదినవుద్దే" అంది అమ్మ నాతో.

అన్నాలు తింటూ మరియమ్మ జరిగింది చెప్పింది. నా మీద ఫిర్యాదులా చెప్పలేదు, మామూలుగా చెప్పింది. అమ్మ ముద్ద పళ్ళెంలో పెట్టేసి నా వైపు తిరిగింది.

"చూడకుండా ఎట్టా చెప్పావే?"

"అమ్మా, ఆ వారం అన్నీ..."

"నేనడిగింది అది కాదు. దాని కూలి, దాని చేను నీ చేతిలో పెడితే చూడకుండా ఎట్టా చెప్పావు అంటున్నా."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పై అధికారులు ఎందరో నన్ను ఎన్నో అడిగారు. ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

గాజు పలక మీద

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ముగ్గురం మైక్రోస్కోపు చుట్టూ చేరాం. గిన్నెలో మెడముక్కల చుట్టూ దూదిలాంటి నూగు పట్టింది. నేను కొంచెం నూగును నీటిబొట్టులో పెట్టి, పలక సర్ది, కన్ను ఆనించాను.

నేను అనుకున్న బూజు కాదు. అనుకున్నదానికి దారాల్లో అడ్డుగోడలు ఉంటాయి, కొమ్మలు మూలమట్టం పెట్టినట్టు చీలతాయి. ఇక్కడ అడ్డుగోడల్లేవు. గొట్టం, గొట్టం, గొట్టం. నేను చూస్తుండగానే ఒక గొట్టం కొస నుంచి చిన్న బుడగ ఉబ్బింది. గొట్టంలో ఉన్న సరుకంతా ఆ బుడగలోకి జారింది. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఆ సరుకు గళ్ళుగళ్ళుగా విడిపోయింది. గళ్ళు కదిలాయి, కుమ్ముకున్నాయి, గిరగిరా తిరిగాయి. బుడగ ఠపీమని పగిలింది. లోపలున్నవన్నీ నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయాయి.

నా తప్పు, నా భయం అన్నీ ఆ క్షణం మర్చిపోయాను. నిజం చెబుతున్నాను. పుస్తకంలో బొమ్మ చూశాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కళ్ళారా చూడటం అదే మొదలు. కుర్చీ లోంచి లేచి మరియమ్మను కూర్చోబెట్టాను.

ఆమె ఒక కన్ను మూయడం రాక అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గట్టిగా కేకేసింది.

"అమ్మో! చేపపిల్లలండీ! ఈదుతున్నయ్యి! మా నారులో ఇయ్యేందండీ?"

"రెండేసి తోకలుంటాయమ్మా వాటికి" అన్నారు నరసింహం గారు. అంత మెత్తగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "వేరు నుంచి ఊరే రసం జాడ పట్టి దాని దగ్గరికే ఈదుకుంటూ పోతాయి. అంటుకున్నాక తోకలు వదిలేసి లోపలికి తొలుచుకుంటాయి. ఇది బూజు కాదు, బూజులా కనపడే వేరే జాతి. ఈ సలోమి రాసిన మందు బూజు కణం చీలకుండా పట్టుకునే మందు. దీని లోపలి యంత్రం వేరు. ఆ మందుకి దీంట్లో పట్టు దొరకదు."

ఆయన పోయినవారం దాచిన పలక కూడా తీసి ఆమెకు చూపించారు, మూడు ఊళ్ళ నారును చంపిన అసలు బూజు. ఆమె ఇటు చూసింది, అటు చూసింది. "ఇది పాకేది. అది ఈదేది" అంది. మేము ఏళ్ళకేళ్ళు చదివిన వర్గీకరణ ఆమెకు రెండు మాటల్లో వచ్చేసింది.

తర్వాత ఆమె నెమ్మదిగా మైక్రోస్కోపు నుంచి తలెత్తింది. లెక్కేసుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది.

"అయ్యా, ఇది ఈదేదైతే మరి నేను పోసిందేందండీ? మడికి రెండు క్యాన్లు ఎక్కువ పోశా. ఈ మూల నుంచి ఆ మూలకి దారి నేనే ఏశానా?"

ఆ నాలుగు రోజుల్లో వాన చుక్క లేదు. ఆ మళ్ళలో ఉన్న తడంతా నా చీటీదే. అది చాలదన్నట్టు మట్టిలో పచ్చబూజు ఒకటి ఉంటుంది, ఈ ఈదేవాటిని చుట్టుకుని చంపి తింటుంది. నేను రాసిన మందు ఆ పచ్చబూజును కొట్టింది. కాపలావాణ్ణి కట్టేసి, దొంగకు పడవ ఇచ్చానన్నమాట.

"నువ్వు కాదు వదినా" అన్నాను. మొదటిసారి ఆ పిలుపు వచ్చింది. "నేను వేశాను."

చీటీ నీది

"మిగిలింది బతికించుకోవాలంటే ఏం చెయ్యాలండి?" అనడిగింది మరియమ్మ. జవాబు ఆమే చెప్పింది. "నీళ్ళు లేకపోతే అవి ఈదలేవు గదా. మళ్ళ చుట్టూ బోదె కాలవలు తీసి తడి దించేస్తా."

"అదే చెయ్యండి. తడి ఆరాక దీనికి వేరే మందుంది, రాగి మందు. మొదళ్ళలో కొంచెం కొంచెం పోస్తే చాలు" అన్నారు నరసింహం గారు. నా వైపు తిరిగి, "నువ్వు కూడా వెళ్ళమ్మా. వెళ్ళి ఆ ఏడుగురికీ చెప్పు" అన్నారు.

"మీరు కూడా వస్తే..."

"నేను రాను. చీటీ నీది."

చిలకలూరిపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. పత్తి లారీల వెనక దుమ్ములో కూర్చుని ఏం చెప్పాలో నూటొక్క రకాలుగా కూర్చుకున్నాను. చేలో ఆరుగురు నారుమళ్ళ గట్టు మీద కూర్చుని ఉన్నారు. కూర్చుకున్నవన్నీ వదిలేసి ఉన్నది చెప్పాను.

"మందు తప్పు రాశాను. నీళ్ళు ఎక్కువ పొయ్యమన్నాను, అదే మీ నారును చంపింది. మరియమ్మ తప్పేం లేదు. శనివారం బస్సుకి టైమవుతోందని మొక్కను చూడకుండా రాశాను."

వాళ్ళలో కరుణమ్మ అనే ఆమె లేచింది. "నువ్వు సదువుకున్నదానివి గదా! అద్దం ఉంది గదా నీకాడ! కన్ను పెట్టి చూడ్డానికి నీకేం రోగం? మేం కూలి మానుకుని కూచున్నాం ఇక్కడ!"

నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆమె ఇంకా చాలా అంది. అన్నవన్నీ నిజమే. చివరికి మరియమ్మ అడ్డం వచ్చి నా చేతికి పార ఇచ్చింది.

"మాటలు తర్వాత. బోదె తియ్యటం వచ్చా?"

"వచ్చు."

మా అమ్మ కడుపున పుట్టినదాన్ని, రాకపోవడమేంటి? పొద్దు వాలేదాకా ఎనిమిది మంది తవ్వాం. చచ్చిన నారును మట్టితో సహా ఎత్తి అవతల పారబోశాం. బాగున్న మళ్ళ చుట్టూ మూరెడు లోతు బోదెలు తీశాం. ప్రధానానికి కొన్న కొత్త చీర కాదు గానీ, కట్టుకున్న చీర మాత్రం మళ్ళీ కట్టుకోవడానికి పనికిరాకుండా పోయింది.

మూడు మళ్ళు బతికాయి. నాలుగెకరాలకు పెంచిన నారు ఎకరంన్నరకు సరిపోయింది. ఐదుగురు కలిసి ఆ ఎకరంన్నర చేసుకున్నారు. కరుణమ్మ, ఇంకొకామె మళ్ళీ కూలికి పోయారు. ఆ ఎకరంన్నర బాగానే కాసిందని చెబితే కథ చక్కగా ఉంటుంది. కాసింది కూడా. కానీ ఆ ఇద్దరి సంగతి దాచిపెట్టి ఆ మాట ఒక్కటే చెప్పడం అబద్ధం చెప్పినట్టే. కరుణమ్మ మళ్ళీ నాతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే మొహం తిప్పుకునేది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఆ తర్వాత నా గదిలో మైక్రోస్కోపు ముందు రెండో స్టూలు ఒకటి వేయించాను. మొక్క తెచ్చిన రైతు ఆ స్టూలు మీద కూర్చుని ముందు చూడాలి, తర్వాత నేను చూడాలి, అప్పుడే చీటీ. "మాకేం తెలుస్తుంది మేడమ్" అని సిగ్గుపడేవాళ్ళు. కన్ను ఆనించాక ఎవ్వరూ ఆ మాట అనలేదు. అరుపులు, కేకలు, నవ్వులు. ఒక ముసలాయన అయితే పత్తి ఆకు మీది బూజు గింజలు చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. మైక్రోస్కోపుకి కప్పే గుడ్డను ఇంటికి తెచ్చి బల్ల తుడుచుకోవడానికి వాడేశాను.

నరసింహం గారు రిటైరైన రోజు కూడా నన్ను మెచ్చుకోలేదు. ఆ రెండో స్టూలు మీద కాసేపు కూర్చుని వెళ్ళారు.

ఈదేదా, పాకేదా

పోయిన నెల తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. భార్గవి అనే అమ్మాయి. మరియమ్మ వదిన వాళ్ళ మండలంలో వ్యవసాయ ఆఫీసులో కొత్తగా చేరిందట. గొంతులో కోపం, ఏడుపు రెండూ ఉన్నాయి.

వదినకు ఇప్పుడు డెబ్భై దాటాయి. వల కప్పిన షెడ్డులో ట్రేలలో నారు పెంచి చుట్టుపక్కల ఊళ్ళకు ఇస్తుంది. ఒక మూల నారు పడిపోతుంటే ఈ అమ్మాయికి ఫోన్లో ఫోటో పంపించింది. ఈ అమ్మాయి ఫోటో చూసి మందు రాసి, ఆ కాగితం మనిషితో పంపింది.

"ఆవిడ ఆఫీసుకొచ్చి అందరి ముందూ నన్ను నిలదీసింది మేడమ్. 'ఈదేదా, పాకేదా చూశావా పాపా?' అంటుంది. అదేంటండీ అంటే, 'అది తెలియకుండా మందెట్టా రాశావు' అని మీ నంబరిచ్చింది. సిలబస్‌లో ఇలాంటి వర్గీకరణ ఎక్కడా లేదు మేడమ్. ఈదేదీ పాకేదీ ఏంటి?"

నాకు నవ్వొచ్చింది.

"సిలబస్‌లో లేదులే అమ్మా. నీ దగ్గర మైక్రోస్కోపు ఉందా?"

"ఉంది మేడమ్. పైన కవర్ వేసి ఉంది."

"కవర్ తియ్యి. ఆ మొక్క మెడముక్క కోసి మంచినీళ్ళలో వేసి ఉంచు. రేపు పొద్దున ఆవిణ్ణి పిలువు. ముందు ఆవిణ్ణి చూడనివ్వు, తర్వాత నువ్వు చూడు. చూశాక నాకు ఫోన్ చెయ్యి."

మర్నాడు పదిన్నరకు ఫోను మోగింది. ఎత్తాను. వెనక నుంచి వదిన గొంతు వినిపిస్తోంది. "రెప్ప వెయ్యమాక పాపా. అదుగో, బుడగ ఉబ్బిద్ది చూడు. ఇంకాసేపుండు. ఆఁ, పగిలింది!"

"మేడమ్" అంది భార్గవి చివరికి. "మేడమ్, ఈదుతున్నాయి."

"ఊఁ. నువ్వు రాసిన మందు?"

"బూజు మందు మేడమ్. నీళ్ళలో కలిపి పొయ్యమన్నాను." గొంతు తగ్గించింది. "మేడమ్, నేను రాసి నాలుగు రోజులైంది. వాళ్ళ నారంతా..."

ఆ అమ్మాయి ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. ఆ నాలుగు రోజులు నేనూ పడ్డాను. ఈలోపల ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"సలోమమ్మా" అంది వదిన. "ఈసారి చుక్క పొయ్యలా. చీటీ కొంగున ముడేసుకుని కూచున్నా. ఈ పిల్ల చూసేదాకా ఆగా."